ప్యాక్‌హార్స్‌కి పూసిన నలుపు

హెస్టర్ ప్రోబర్ట్ చెయ్యి మణికట్టు దాకా స్తంభంలోకి దిగిపోయింది.

అప్పుడు చుట్టూ ఊరంతా ఉంది. నిచ్చెనల మీద మగవాళ్ళు నల్లరంగు డబ్బాలతో, కింద ఆడవాళ్ళు తెల్లరంగు బకెట్లతో. వాకిట్లో పొడుగాటి బల్ల వేసి, దాని మీద కోసిపెట్టిన పంది మాంసం, రొట్టె, చీజు, ఊరబెట్టిన ఉల్లిపాయలు, ఆపిల్ పళ్ళు పులియబెట్టి తీసిన సైడర్ కూజాలు పెట్టారు. ఈస్టర్ వెళ్ళిన మొదటి శనివారం ఆల్డన్‌హోప్‌లో నలుపు పండగ. ప్యాక్‌హార్స్ పబ్బు గోడల్లో నిలువుగా, అడ్డంగా, ఏటవాలుగా కనిపించే ఓక్ దూలాలకి నలుపు, వాటి మధ్య గళ్ళకి తెలుపు వెయ్యడానికి ఇంటికొకరు చొప్పున వస్తారు. క్రిస్మస్‌కి చర్చి గడప తొక్కనివాళ్ళు కూడా దీనికి మాత్రం ఉదయాన్నే హాజరవుతారు. సైడర్ ఊరికే పోస్తారు కదా.

మూలస్తంభానికి మొదటి కుంచె పబ్బు ఇల్లాలిది. హెస్టర్ కుంచె ముంచి వంగేసరికి, స్తంభం అడుగున రంగు కొంచెం ఉబ్బి కనిపించింది. పొక్కు చిదిపేసి పూద్దామని బొటనవేలితో నొక్కింది. వేలు ఆగలేదు. వేళ్ళు, అరచెయ్యి, మణికట్టు వరసగా లోపలికి వెళ్ళిపోయాయి. లోపల చల్లగా, తడిగా, నానబెట్టిన రొట్టెలా మెత్తగా ఉంది. భయపడి చెయ్యి లాక్కుంటే గుప్పిట్లో గోధుమరంగు పొట్టు వచ్చింది. అది ఓక్. మేకు కొడితే మేకే వంగాలి తప్ప కర్ర చెక్కుచెదరదని తరతరాలుగా మా ఊరు డబ్బా కొట్టుకున్న ఓక్.

హెస్టర్ చప్పున ఆ కన్నానికి అడ్డంగా నిలబడి ఏప్రన్ సర్దుకుంది. ఎవరూ చూడకూడదు. నలుగురి ముందూ ఇంటి బట్ట జారిపోయినట్టు సిగ్గేసిందామెకి.

సిరిల్ గ్వాట్కిన్ చూడనే చూశాడు. పొయ్యి పక్క బల్ల తన తాతగారి ఆస్తి అన్నట్టు రోజూ అక్కడే కూచునే మనిషి. పండక్కి వస్తాడు, కుంచె పట్టడు, సలహాలు మాత్రం అందరికీ పంచుతాడు.

"ఏంటి హెస్టర్, స్తంభం జేబులో చెయ్యి పెట్టావు? చిల్లర ఏమన్నా తగిలిందా?"

అందరూ నవ్వారు. హెస్టర్ నవ్వలేదు. "పెర్సీని పిలవండి" అంది. ఆ గొంతు విని నవ్వినవాళ్ళు కూడా ఆగిపోయారు.

పెర్సీ ఆమె మరిది. చనిపోయిన భర్త లెన్‌కి తమ్ముడు. రంపపు మిల్లులో ఒళ్ళు అరగదీసుకుని ఈమధ్యే మానేశాడు. పెళ్ళీ పెటాకులూ లేవు. ఏడాదికొక్కసారి వచ్చే ఈ పండక్కి మాత్రం అతనే పెద్ద. ఎవరు ఏ నిచ్చెన ఎక్కాలి, ఎవరికి ఎంత రంగు పొయ్యాలి అన్నీ అతనే చూస్తాడు. దిగి వచ్చి, వదిన మొహం చూసి, ఏమీ అడక్కుండా ఆ కన్నంలో చెయ్యి పెట్టాడు. మోచెయ్యి దాకా వెళ్ళింది. లోపల అటూ ఇటూ తిప్పాడు. కళ్ళు పెద్దవయ్యాయి.

"వదినా, ఇందులో కర్ర లేదు" అన్నాడు మెల్లిగా. "రంగే నిలబడి ఉంది."

ఆ మాట చెవిన పడ్డవాళ్ళు ఒక్కొక్కరే ఇంటి చూరు కింద నుంచి వెనక్కి జరిగి రోడ్డు మీదికి వెళ్ళారు. వెళ్ళరా మరి? ప్యాక్‌హార్స్ పై అంతస్తు కింది అంతస్తు కంటే రెండు వైపులా మూరెడు ముందుకి పొడుచుకొచ్చి ఉంటుంది. ఆ రెండు వైపులూ కలిసేచోట భారమంతా మోసేది ఈ ఒక్క స్తంభమే. ఓక్ చెట్టు మొదలుని తలకిందులుగా పాతారు. వేళ్ళ దగ్గర వెడల్పయ్యే భాగం పైకి రావడంతో, అరచెయ్యి విప్పి పళ్ళెం పట్టినట్టు మూడు దూలాల్ని మోస్తుంది. ఆ దూలాల మీద గది, గదిలో హెస్టర్ మంచం. ఎన్నేళ్ళుగా ఆమె ఉత్త రంగుపొర మీద నిద్రపోతోందో దేవుడికే తెలియాలి. పైన పటారం, లోన లొటారం అని ఊరికే అన్నారా?

ఆ మధ్యాహ్నమే పెర్సీ మిల్లు నుంచి ఇనప జాకీలు తెచ్చి, కుంటివాడి చంకకింద కర్రల్లా ఆ మూలకి ఆనించాడు. పండగ సగంలో ఆగిపోయింది. తెచ్చిన తిండి ఎవరూ ముట్టలేదు. మా ఊళ్ళో అది ఇల్లు పడిపోవడం కంటే పెద్ద విషయం.

హెస్టర్ ఈ ఇంట్లో పుట్టలేదు. కొండకి అవతల బీరులో వేసే హాప్స్ తీగల తోటల్లో కూలిచేసుకునే వాళ్ళ పిల్ల. ప్యాక్‌హార్స్ ప్రోబర్ట్‌ల పెద్దకొడుకు లెన్‌ని చేసుకుని ఇక్కడికి వచ్చింది. వచ్చిన మొదటి రాత్రి ఇల్లంతా కీచుమని, టకటకమని మోగుతుంటే దొంగలు పడ్డారని లెన్‌ని లేపింది. "దొంగలు కాదే, ఇల్లు ఒళ్ళు విరుచుకుంటోంది. పగలు ఎండకి కర్ర సాగుతుంది, రాత్రి ముడుచుకుంటుంది. పడుకో" అని అటు తిరిగి పడుకున్నాడు. లెన్ అంతే. దేనికీ కంగారుపడడు. ఆ నింపాదితనమే ఆమెకి నచ్చింది, ఆ నింపాదితనం మీదే ఆమెకి ఒళ్ళు మండేది కూడా.

ఇంటి గుట్టుమట్లన్నీ అత్తగారు నేర్పింది. ఈ ఇంట్లో తిన్ననిది ఏదీ లేదు. కిటికీ పక్క బల్ల మీద మగ్గు పెడితే దానంతటది గోడ వైపు జరుగుతుంది. పొడుగువాళ్ళు బారు గుమ్మం దగ్గర తల వంచకపోతే దూలమే వంచుతుంది. గళ్ళలో ఉన్నది ఇటిక కాదు, హేజల్ బద్దలతో అల్లిన తడిక. దానికి మట్టి, పేడ, గడ్డి కలిపి మెత్తారు. మేకు అన్నది లేకుండా దూలాన్ని దూలంలో దూర్చి కర్ర చీలలు దిగ్గొట్టారు. అత్తగారు ఇంకో మాట కూడా చెప్పింది, చిన్నగొంతుతో. ఆమె కాపరానికి వచ్చినప్పుడు ఈ దూలాలు నల్లగా లేవట. వానకి ఎండకి బూడిదరంగు తేలి ఉండేవట. రాజుగారి జూబ్లీ ఏడు, కార్లలో వచ్చే పట్నంవాళ్ళకి ఇల్లు ఇంకా పాతదానిలా కనిపించాలని మామగారు పీపాడు తారు తెచ్చి పూయించాడట. ఆ నలుపు అందరికీ నచ్చింది. తరవాత ఏడు మళ్ళీ పూశారు. ఇంకో పదేళ్ళకి అది మొదటి ఎలిజబెత్ రాణి కాలంనాటి ఆచారం అయి కూచుంది. మా ఊళ్ళో ఆచారం ముదరడానికి పదేళ్ళు చాలు.

ఆ పండగే లెన్‌ని తీసుకుపోయింది. ఇంటి ముందు గోడ పైన, కప్పు రెండు వాలులూ కలిసేచోట ఒక ముక్కోణం ఉంటుంది. అక్కడికి తారు డబ్బాతో ఎక్కుతుంటే, కింద తడిసిన రాళ్ళ మీద నిచ్చెన జారింది. నిచ్చెన పట్టుకున్నది పెర్సీ. ఇద్దరు మనుషుల బలంతో పట్టుకున్నా ఆగేది కాదని చూసినవాళ్ళందరూ చెప్పారు. పెర్సీ ఆ మాట విన్నాడు గానీ తప్పు తనదేనన్న ఊహ వదల్లేదు. పిల్లలు కూడా లేని హెస్టర్ పబ్బు అమ్మేసి పోతుందనుకున్నారు. పోలేదు. మరుసటేడు పండక్కి తనే ముందు కుంచె పట్టింది. "నా మొగుడు ప్రాణం పెట్టిన పని, ఆపేదేంటి?" అంది. ఒక్కటే షరతు పెట్టింది. ఆ పై ముక్కోణం దాకా ఎవరూ ఎక్కకూడదు. ఆ కాస్త చోటూ ముప్పై ఏళ్ళకి పైగా రంగు లేకుండా, పాత తారు ఎండకీ వానకీ పోయి, బూడిదరంగు కర్రతో అలాగే మిగిలిపోయింది. దాన్ని లెన్ జాగా అంటారు. పండగ మొదలెట్టే ముందు మగవాళ్ళు టోపీ తీసి దానివైపు చూస్తారు. పెర్సీ అందరికంటే ఎక్కువసేపు చూస్తాడు.

ఇంతకీ స్తంభం ఎందుకు కుళ్ళిందన్న విచారణ ఆ వారమంతా బారులో నడిచింది.

"పురుగే" అన్నాడొకడు.

"పురుగైతే పొడి రాలాలి. ఆ పాల లారీలు మూల రాసుకుంటూ తిరగట్లా? అవే కారణం" అన్నాడు ఇంకొకడు.

"హెస్టర్ సైడర్ కొంచెం కొంచెం కారి ఉంటుంది. అది తాగి మేం మాత్రం నిలబడుతున్నామా, స్తంభం నిలబడ్డానికి?" అన్నాడు సిరిల్.

పెర్సీ మగ్గు కింద పెట్టాడు. "నన్నడిగితే చెప్తాను. ఇంటికంతా రంగుంది. లేనిది ఎక్కడ? పైన ఆ ముక్కోణం దగ్గర. వాన అక్కడ దిగి, దూలాల వెంట జారుకుంటూ మూలకి చేరింది. ముప్పై ఏళ్ళు."

అందరూ తలలూపారు. అవునవును, బోడి కర్ర కదా, అక్కణ్ణించే అన్నారు. చివరికి సిరిల్ కూడా నోరు మూసుకున్నాడు. బారు వెనక హెస్టర్ గ్లాసు తుడుస్తోంది. ఎవరూ ఎక్కొద్దన్నది తనే. అంటే మొగుడి గుర్తని దాచుకున్న చోటే ఇంటిని తినేసిందన్నమాట. ఆమె ఆ గ్లాసునే తుడుస్తూ ఉండిపోయింది.

పట్నంలో పాత ఇళ్ళు బాగుచేసే వడ్రంగి ఒకామె ఉందని ఎవరో చెబితే హెస్టర్ కబురు పెట్టింది. ఫ్రెడా బేలిస్ అని, నలభై ఏళ్ళ పొట్టి మనిషి, బూట్లకి ఎండిన సున్నం.

"ఆడవాళ్ళలో కూడా వడ్రంగులుంటారా?" అన్నాడు సిరిల్ కూచున్న చోటు నుంచి.

"మగవాళ్ళలో కూచునేవాళ్ళు ఎక్కువయ్యారు మరి. ఎవరో ఒకరు చెయ్యాలి కదండీ" అని ఆమె చిన్న సుత్తి తీసుకుని పనిలోకి దిగింది. సిరిల్ ఆ పూట మళ్ళీ మాట్లాడలేదు.

ఇంటి చుట్టూ తిరుగుతూ ప్రతి దూలాన్నీ సుత్తితో తట్టి చూసింది, వెనకాలే హెస్టర్. కొన్నిచోట్ల ఇంకా కాస్త టంగుమంటుంది. చాలాచోట్ల గుమ్మడికాయ మీద కొట్టినట్టు బొదబొదమంటుంది. పడమటి గోడ దగ్గర ఫ్రెడా సన్నటి రేకుతో రంగు గీకి చూపించింది. ఉల్లిపాయ పొరల్లా లెక్కలేనన్ని నల్లటి పొరలు.

"ఇంతకీ ఏ పురుగమ్మాయ్?" అంది హెస్టర్.

"పురుగు కాదండీ."

"అయితే పైనించి దిగిన నీళ్ళా?"

"నీళ్ళే. కానీ పైనించి దిగినవి కాదు, లోపల ఇరుక్కున్నవి." ఫ్రెడా రేకు పక్కన పెట్టింది. "ఈ కర్ర వాన తాగుతుంది, ఎండొస్తే వదిలేస్తుంది. మట్టిగోడా అంతే. నాలుగు వందల ఏళ్ళు అలాగే బతికింది. మీరు దాని ఒళ్ళంతా మూసేశారు. కర్ర కదిలినప్పుడు రంగు పగులుతుంది. ఆ పగుల్లోంచి నీళ్ళు దిగుతాయి. లోపలికి వెళ్ళడానికి వెంట్రుకంత సందు చాలండీ, బైటికి రావడానికి ఒళ్ళంతా కావాలి. తడిబట్ట పెట్టెలో పెట్టి మూత పెడితే ఏమవుతుంది?"

హెస్టర్‌కి అర్థమైంది. అర్థమైంది గానీ లోపలికి రానివ్వలేదు. "తారు పలచగా ఉండేది. ఎండకి కారేది కూడా. లెన్ పోయిన మరుసటేడు నేనే పట్నం నుంచి మెరిసే రంగు తెప్పించాను. చిక్కటిది. దాని ఒక్క పొర నాలుగు పొరల తారుకి సమానం అన్నారు. ఇంటికి మంచిదని."

ఫ్రెడా ఊడిన నల్లపొర ఒకటి తీసి ఆమె అరచేతిలో పెట్టింది.

"నువ్వు చెప్పేది అబద్ధం" అంది హెస్టర్ గట్టిగా. "రంగు లేని చోటు ఒకటుంది. పైన. అది ఎలా ఉందో చూసి అప్పుడు చెప్పు. అదే కుళ్ళి ఉంటుంది అన్నింటికంటే."

"అటకలోంచి చిన్న కిటికీ ఉంది కదండీ. రండి, మీరే చూడండి."

లెన్ పోయాక హెస్టర్ ఆ అటక చివరికి వెళ్ళలేదు. దూలాల మీద చేతులాన్చుకుంటూ, వాసాల కింద వంగి, ఆయాసపడుతూ కిటికీ దాకా వెళ్ళింది. తెరిచి చెయ్యి బైటికి పెట్టింది. వేళ్ళకి కర్ర తగిలింది. పొడిగా ఉంది, ఎండకి వెచ్చగా ఉంది. గీతలు గీతలుగా, ముసలివాడి అరచెయ్యిలా గరుకుగా ఉంది. ఏప్రన్ జేబులో ఉల్లిపాయలు కోసే కత్తి ఉంటే తీసి బలంగా పొడిచింది. టక్కుమని కత్తి మొన విరిగి, కప్పు మీదుగా జారి కింద రాళ్ళ మీద పడింది. ఆ చప్పుడు చాలాసేపటికి గానీ వినిపించలేదామెకి. లెన్ కూడా అక్కడే పడ్డాడు.

ఇంటి గోడల్లో కుళ్ళు అసలు తాకనిది లెన్ పూయలేకపోయిన చోటొక్కటే.

అటకలోనే దుమ్ములో కూచుండిపోయింది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్న సామెత మా ఊళ్ళో లేదు గానీ, జరిగింది మాత్రం అచ్చంగా అదే. తను ప్రేమగా, ఏడాది తప్పకుండా, మొగుడి పేరు చెప్పి ఇంటికి విషం పట్టించింది. ఊరందరి చేతా పట్టించింది. ఆమెకి ఏడుపు రాలేదు.

కిందికి వచ్చాక ఫ్రెడా మెత్తగానే చెప్పింది. కొత్త ఓక్ స్తంభం నిలబెట్టొచ్చు. కానీ రంగంతా గీకెయ్యాలి, పడమటి గోడ గళ్ళలో ఎప్పుడో మెత్తిన సిమెంటు పెళ్ళగించి మళ్ళీ మట్టీ సున్నం పెట్టాలి, ఇంకెప్పుడూ నలుపు వెయ్యకూడదు. స్తంభమొక్కటే మార్చి ఊరుకుంటే రెండు మూడు చలికాలాల్లో ముందు గోడ పెద్ద దూలం కూడా వెళ్ళిపోతుంది, దాంతో ఇల్లూ.

"ఎవరికీ చెప్పకు" అంది హెస్టర్.

చెబితే పెర్సీకి చెప్పాలి. ఏమని చెబుతుంది? ఆ మనిషికి ఉన్నదల్లా ఈ పండగే. అన్న పడిన గోడ మీదికే ఏటా అందరికంటే ముందు నిచ్చెనెక్కి, అన్న పని తను చేస్తున్నానని చెప్పుకునే బతుకు. పోనీ స్తంభం మార్చేసి నోరు మూసుకుంటే? పెర్సీ బతికినన్నాళ్ళూ పూసుకోనీ. తనూ ఇంకెన్నాళ్ళుంటుంది? తరవాత ఇల్లు ఉంటే ఉంటుంది, పోతే పోతుంది. నాలుగు రోజులు హెస్టర్ ఈ లెక్కే వేసుకుంది. వేసుకున్నప్పుడల్లా ఇల్లు కీచుమనేది, ఆమె ఉలిక్కిపడేది. ఆ శబ్దానికి ఆమె భయపడటం కాపరానికి వచ్చిన మొదటి రాత్రి తరవాత మళ్ళీ ఇప్పుడే.

శనివారం జనం మళ్ళీ వచ్చారు, ఆగిన పండగ పూర్తి చెయ్యడానికి. హెస్టర్ వద్దనలేదు. సైడర్ కూజాలు పెట్టింది, రొట్టె కోసింది. మూల జాకీల దగ్గర ఫ్రెడా కొత్త స్తంభానికి కొలతలు తీసుకుంటూ తలెత్తి ఆమెవైపు చూసింది. హెస్టర్ చూపు తిప్పేసుకుంది.

అప్పుడు పెర్సీ ఒక పొడుగాటి నిచ్చెన తెచ్చి ముందు గోడకి ఆనించాడు. అంత పొడుగు నిచ్చెన ఆ గోడకి చివరిసారి ఆనింది లెన్ పోయిన రోజే. మళ్ళీ ఇప్పుడే.

"ఈసారి లెన్ జాగా కూడా పూర్తి చేసేస్తా వదినా. నువ్వు కోప్పడినా సరే. నీళ్ళు దిగేది అక్కణ్ణించే. ముప్పై ఏళ్ళ కిందే చెయ్యాల్సింది."

మగవాళ్ళు టోపీలు తీశారు. ఒకరిద్దరు ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. పెర్సీ నడుముకి డబ్బా తగిలించుకుని ఎక్కసాగాడు. కింద ఇద్దరు కుర్రాళ్ళు పట్టుకున్నారు. అతను పై అంతస్తు కిటికీల దాకా వెళ్ళేసరికి, హెస్టర్ వాళ్ళని తోసేసి నిచ్చెన మీద ఒళ్ళంతా ఆనించి రెండు చేతులా పట్టుకుంది. అరవబోయి ఆగింది. బెదిరితే పడిపోతాడు. కట్టెలు తెచ్చిపెట్టమని అడిగినట్టుగా మామూలుగా పిలిచింది.

"పెర్సీ, అక్కడే ఆగు."

"పక్కకి పో వదినా, రంగు మీద పడుద్ది."

"పడనీ. రెండు చేతులా నిచ్చెన పట్టుకో. పట్టుకున్నావా?"

"ఆఁ. ఏంటి?"

"నేను చెప్పేది విను. విన్నాక మెల్లిగా దిగు. తొందరేం లేదు." ఆమె నిచ్చెనని ఇంకా గట్టిగా ఒత్తి పట్టుకుంది. "లెన్ జాగా కుళ్ళలేదు. నేను అటకలోంచి వెళ్ళి చూశాను. ఇనుములా ఉంది. కత్తితో పొడిస్తే కత్తి విరిగింది. ఇల్లంతటికీ గట్టిగా ఉన్నది అదొక్కటే పెర్సీ. మనం రంగు వెయ్యనిది అదొక్కటే."

పెర్సీ నడుము దగ్గరి డబ్బాలోంచి రంగు చుక్క ఒకటి హెస్టర్ భుజం మీద పడింది.

"అంటే?" అన్నాడు పెర్సీ.

"అంటే ఇంటిని తిన్నది పురుగు కాదు. లారీలు కాదు. మనమే. మన రంగే. చిక్కటి రంగు తెచ్చింది నేను."

"ఎవరో పట్నం నుంచొచ్చి చెప్పేస్తే నమ్మడమేనా? మా తాతల నాటి నుంచీ..." అని వెనకాల ఎవరో మొదలుపెట్టారు. "నోర్ముయ్" అన్నాడు సిరిల్. అతని నోట ఒక్క మాటతో ముగిసిన వాక్యం ఊరు వినడం అదే మొదటిసారి.

నిచ్చెన మీద పెర్సీ గోడవైపే చూస్తున్నాడు. మొహం కనిపించడం లేదు. అటే చూస్తూ అడిగాడు.

"మరి లెన్ దేనికి పోయినట్టు వదినా?"

హెస్టర్ జవాబు వెతకలేదు. అబద్ధం చెప్పాలంటే ఆ నాలుగు రోజుల్లోనే చెప్పి ఉండేది.

"ఉత్తినే పోయాడు పెర్సీ."

అతను ఒక్కో మెట్టూ దిగాడు. దిగినంతసేపూ ఆమె నిచ్చెన వదల్లేదు. కింద కాలు మోపాక డబ్బా విప్పి పక్కన పెట్టాడు. నల్లబడ్డ చేతులు ముందుకి చాపి, అవి ఎవరివో అన్నట్టు చూసుకున్నాడు. సిరిల్ సైడర్ మగ్గు అందించబోతే తీసుకోలేదు. ఎవరివైపూ చూడకుండా ఫ్రెడా పెట్టె దగ్గరికి వెళ్ళి, అందులోంచి గీకే రేకు తీసుకుని, "ఎక్కణ్ణించి?" అని అడిగాడు.

"ఎక్కణ్ణించైనా సరేనండీ" అందామె చిన్నగా.

ముందు గోడ పెద్ద దూలం దగ్గర నిలబడి గీకడం మొదలెట్టాడు. మెరిసే నలుపు పెళ్ళలు పెళ్ళలుగా ఊడింది. దాని కింద ఇంకో నలుపు, ఇంకో నలుపు. పెర్సీ దవడ బిగించి గీకుతూనే ఉన్నాడు. ఒక్కొక్కరే కుంచెలు కింద పెట్టారు. ఇంటికి మాత్రం ఎవరూ పోలేదు. చాలా పొరలు పోయాక రేకు చప్పుడు మారింది. పెళుసుదనం పోయి, జిగటగా ఏదో పట్టుకుంది. మెరుపు లేని నలుపు. తారు.

పెర్సీ చెయ్యి ఆగిపోయింది.

"వదినా, ఇక్కణ్ణించి లెన్ పూసింది" అన్నాడు. "వాడు పడిపోయిన రోజు పొద్దున పూసింది. ఇది నావల్ల కాదు."

హెస్టర్ వచ్చి అతని చేతిలోంచి రేకు తీసుకుంది. ఇన్నేళ్ళూ మొగుడు పోయాడని ఏడ్చిన మనిషి, ఇవాళ ఉత్తినే పోయాడని పైకే ఏడుస్తూ, ఊరందరి ముందూ ఆ తారు గీకడం మొదలుపెట్టింది. అది అంత తేలిగ్గా ఊడిరాలేదు.